ఏడు రత్నాలు తిరిగి గూటికి: పాప్‌ట్రోపికాలోని నబూటీ ద్వీపం

పిల్లలకు ఆన్‌లైన్‌లో ఏ ఆట పెట్టవచ్చునని తల్లిదండ్రులు అడిగినప్పుడల్లా నాకు మొదట గుర్తుకు వచ్చేది పాప్‌ట్రోపికాలోని నబూటీ ద్వీపమే. 2013 వేసవి సెలవుల్లో, నల్లగొండలో రామగిరిలోని మా ఇంటి ముందుగదిలో, అప్పటికి తొమ్మిదేళ్లున్న మా అమ్మాయి, నేను, మా అత్తమ్మ కలిసి పదకొండు రోజులు కూర్చుని ఆ ద్వీపంలోని నిధి వేటను పూర్తిచేశాము. అమ్మాయి గీసుకున్న బొమ్మలు, నేను వేసుకున్న లెక్కలు ఉన్న రెండు వందల పేజీల నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గర ఉంది. దానిని ముందు పెట్టుకునే ఈ సమీక్ష రాస్తున్నాను. ఉన్నత పాఠశాలలో గణితం చెప్పేదాన్ని కనుక చిక్కు ప్రశ్నల గురించి ఎక్కువగా, బొమ్మల గురించి, సంగీతం గురించి తక్కువగా రాస్తే పాఠకులు మన్నించాలి.

తెలియనివారి కోసం ముందుగా నాలుగు మాటలు. పాప్‌ట్రోపికా 2007లో మొదలైంది. దాని రూపకర్త అమెరికాకు చెందిన జెఫ్ కిన్నీ. ఆరు నుంచి పదిహేనేళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుని తయారుచేసిన ఈ లోకంలో ఎన్నో ద్వీపాలు ఉంటాయి, ఒక్కో ద్వీపం ఒక్కో కథ. గుండ్రటి తల, సన్నని కాళ్లుచేతులు ఉన్న బొమ్మ మన తరఫున అందులో నడుస్తుంది, దూకుతుంది, ఎదురైనవారిని పలకరిస్తుంది. మౌసు ఎటు చూపిస్తే బొమ్మ అటు పోతుంది కాబట్టి ఆట నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు. తల్లిగా నాకు అన్నింటికన్నా నచ్చిన ఏర్పాటు మరొకటి ఉంది. ఇతర పిల్లలు తెర మీద ఎదురైనా వారితో ఇష్టం వచ్చినట్టు రాసి మాట్లాడే వీలు ఉండదు, ముందే సిద్ధంచేసి ఉంచిన మాటల్లోంచి ఎంచుకోవలసిందే. ఆటలో పేరు కూడా వాళ్లు ఇచ్చిన పదాల జాబితాలోంచే వస్తుంది, పిల్ల అసలు పేరు బయటపడదు. పైసా కట్టకుండానే మేము ద్వీపమంతా తిరిగాము. డబ్బు కట్టి సభ్యులైనవారికి కొన్ని అదనపు సౌకర్యాలు ఉండేవి గానీ వాటి అవసరం మాకు కలగలేదు.

నబూటీ కథ ఆఫ్రికాలో జరుగుతుంది. అక్కడి మ్యూజియంలో ఒక పెద్ద స్తంభప్రతిమ ఉంటుంది. దానిలో పొదిగి ఉండవలసిన ఏడు రత్నాలూ లేవు. ఒక చిన్న విమానంలో ఆ ఖండమంతా తిరిగి, చోటుకొక చిక్కు ప్రశ్న విప్పుకుంటూ ఆ రత్నాలను కూడబెట్టడమే మనకు అప్పగించిన పని. కూడబెట్టిన తరువాత ఏమవుతుందన్న విషయం దగ్గరే ఈ ఆట మిగతావాటి నుంచి వేరుపడింది. దొరికిన రత్నం మనది కాదు. దానిని అమ్ముకోలేము, మన బొమ్మకు నగగా తగిలించుకోలేము. ఏడింటినీ తీసుకువచ్చి, తిరిగి అదే మ్యూజియంలో, అదే స్తంభంలో పెట్టినప్పుడే ద్వీపం పూర్తయినట్టు పతకం ఇస్తారు.

నిధి వేట అనగానే ఇంత గట్టిగా ఈ విషయం ఎందుకు పట్టుకున్నానంటే, మా జిల్లాల్లో ఆ మాటకు ఉన్న అర్థం వేరు. పాత గుడుల దగ్గర, బురుజుల దగ్గర గుప్తనిధులు ఉన్నాయని నమ్మి, అమావాస్య రాత్రుల్లో పూజలు చేసి, గడ్డపారలతో తవ్వేవారి గురించి పాలమూరులోనూ నల్లగొండలోనూ పేపర్లలో చదువుతూనే ఉంటాము. మూసీ ఒడ్డున మా పుట్టినూళ్లో, చెలకలో ఒంటరిగా ఉన్న శివాలయం ముందు ఒక నంది ఉండేది. నేను ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు పొద్దున బడికి పోతూ చూస్తే ఆ నంది పక్కకు ఒరిగి ఉంది, కింద మోకాలి లోతు గుంట ఉంది, మెడలోని గంటల వరుస దగ్గర రాయి రెండుగా పగిలి ఉంది. లోపల బంగారం ఉన్నట్టు ఎవరికీ ఆధారం లేదు. నంది మాత్రం మళ్లీ లేవలేదు. నిధి అంటే తవ్వి ఎత్తుకుపోయేది అన్న ఆలోచన పిల్లల తలలోకి ఎంత సులువుగా ఎక్కుతుందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ రోజు మా తరగతి పిల్లలమంతా ఆ గుంటలో చేతులు పెట్టి వెతికాము. అందుకే, పోయిన రత్నాన్ని దాని గూటికి చేర్చడమే గెలుపు అని చెప్పే ఆటను మా అమ్మాయి ఆడుతుంటే నాకు ఎంతో తృప్తి కలిగింది.

ఇక చిక్కు ప్రశ్నల సంగతి. నబూటీలో ఒకచోట మంకాలా అనే ఆట ఆడి ప్రత్యర్థిని ఓడించవలసి ఉంటుంది. రెండు వరుసల గుంటలు, వాటిలో గింజలు, ఒక గుంటలోనివి తీసి వరుసగా ఒక్కొక్కటి పంచుకుంటూ పోవడం. తెర మీద ఆ పలక కనిపించగానే, అంతవరకు మంచం మీద కూర్చుని కందులు చెరుగుతున్న మా అత్తమ్మ చేట పక్కన పెట్టి లేచి వచ్చింది.

"ఇది మన ఓనగండ్ల పీటనే గద బిడ్డా! గా దేశపోళ్లకు గూడ ఇది ఎర్కనేనా?"

ఆమె అన్నది నిజం. మనం వామనగుంటలు అనేదీ, ఆఫ్రికాలో ఊరికొక పేరుతో ఆడేదీ ఒకే కుటుంబానికి చెందిన ఆటలు. మంకాలా అన్న పేరు కూడా ఒకచోటి నుంచి మరోచోటికి జరపడం అనే అర్థం ఉన్న అరబ్బీ మాట నుంచి వచ్చింది. మా అమ్మాయికి ఆ క్షణం వరకు ఆఫ్రికా అంటే టీవీలో కనిపించే సింహాలు మాత్రమే. నాయనమ్మ చీర కొంగుకు చేతులు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చోవడం చూసిన తరువాత ఆ దేశాలు ఆమెకు పొరుగూళ్ల లెక్కకు వచ్చాయి.

అయితే మొదటి ఆట ఓడిపోయాము. మన పీటకు వరుసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు ఉంటాయి. చేతిలోని గింజలు అయిపోగానే తరువాతి గుంటలోనివి తీసి మళ్లీ పంచుతాము. తరువాతి గుంట ఖాళీగా ఉంటే దానిని వేలితో తుడిచి, దాని పక్క గుంటలో ఉన్నవి గెలుచుకుంటాము. తెర మీది ఆటలో వరుసల కొసలకు గెలిచిన గింజలు వేసుకునే పెద్ద గుంటలు వేరుగా ఉన్నాయి, పంపకం ఎక్కడ ఆగితే ఏమవుతుందన్న నియమమూ వేరు. అత్తమ్మ తన అలవాటు ప్రకారం నిండుగా ఉన్న గుంటలే ఎత్తమని చెబుతూ పోయింది, ప్రత్యర్థి నిదానంగా పెద్ద గుంట నింపుకున్నాడు. రెండో ఆటలో ఆమె ఏమీ మాట్లాడలేదు, చూస్తూ కూర్చుంది. మూడో ఆటకు ముందు ఇంటి వెనుక గదిలోంచి తన పెట్టెలోని చెక్కపీట తెప్పించి, గుప్పెడు చింతగింజలు పోసి, రెండు కొసలకు రెండు స్టీలు గిన్నెలు పెట్టి, ఆ కొత్త నియమం ప్రకారం మనుమరాలితో నేల మీద నాలుగుసార్లు ఆడింది. కుడిచేతి కొస నుంచి లెక్కపెట్టుకుంటూ, ఎన్ని గింజలున్న గుంట ఎత్తితే ఆఖరి గింజ సరిగ్గా గిన్నెలో పడుతుందో ఇద్దరూ పట్టుకున్నారు. కొసకు ఆనుకున్న గుంటలో ఒకటి, దాని వెనుక గుంటలో రెండు, ఆ వెనుక మూడు. నోటుబుక్కులో ఆ రోజు తేదీ కింద అమ్మాయి రాసిన ఒకటి, రెండు, మూడు, నాలుగు అంకెలు, వాటి కింద గుండ్రంగా గీసిన గిన్నె బొమ్మ ఇప్పటికీ ఉన్నాయి. మూడో ఆట గెలిచాము. బడిలో మేము కూడికలు, తీసివేతలు ఎన్ని వారాలు చేయించినా రాని చురుకుతనం ఆ అరగంటలో వచ్చిందని గణితం చెప్పే మనిషిగా ఒప్పుకుంటున్నాను.

నా మనసు మరింతగా దోచింది నీలి నైలు జలపాతం దగ్గరి ప్రశ్న. నక్కను, కోడిని, గింజలను ఏటికి అవతలి ఒడ్డుకు చేర్చాలి. ఒకసారికి ఒక్కదానినే తీసుకుపోగలము. మనం దగ్గర లేకపోతే నక్క కోడిని తింటుంది, కోడి గింజలను తింటుంది. ఇది మన పులి, మేక, గడ్డిమోపు కథే. మా అత్తమ్మది కొల్లాపూర్ వైపు, కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. ఆ ఊరు ఆ తరువాత శ్రీశైలం జలాశయంలో మునిగిపోయింది. చిన్నప్పుడు పుట్టిలో ఏరు దాటేటప్పుడు పుట్టి నడిపే ముసలాయన పిల్లలను ఈ ప్రశ్న అడిగేవాడని, జవాబు చెప్పినవాళ్లకు ముందుగా దిగే అవకాశం ఇచ్చేవాడని ఆమె చెప్పింది. ఐరోపాలో కూడా ఇది పాతదే: ఎనిమిదో శతాబ్దంలో పుట్టిన అల్క్విన్ అనే పండితుని పేరిట ప్రచారంలో ఉన్న లెక్కల సంకలనంలో తోడేలు, మేక, క్యాబేజీల రూపంలో కనిపిస్తుంది.

నాకూ అత్తమ్మకూ జవాబు తెలుసు కాబట్టి మేమిద్దరం నోరు మెదపకూడదని ఒట్టు పెట్టుకున్నాము. అమ్మాయి మొదట నక్కను తీసుకుపోయింది, వెనుకకు చూసేసరికి కోడి గింజలు తినేసింది. తరువాత గింజలను తీసుకుపోయింది, ఈసారి కోడి పోయింది. మూడోసారి కోడిని ముందు దాటించి, ఖాళీగా వచ్చి, నక్కను దాటించి, అక్కడ ఆగిపోయింది. నక్కను, కోడిని ఒకచోట వదిలి తిరిగి రాలేదు. ఆట కట్టేసి, నేల మీద సుద్దతో రెండు గీతలు గీసి ఏరు అన్నది. అగ్గిపెట్టెను నక్క చేసింది, ఉల్లిగడ్డను కోడి చేసింది, ఒక చెంచాలో బియ్యం పోసింది. ఒక గంటసేపు ఆ మూడింటినీ అటూ ఇటూ జరిపింది. మధ్యలో అన్నం తినమని పిలిచినా లేవలేదు. చివరకు ఉల్లిగడ్డ మీద చేయి పెట్టి నా వైపు చూసి అడిగింది.

"అమ్మా, దాటిచ్చినదాన్ని మళ్ల ఎన్కకు తెచ్చుడేంది? గట్ల చేస్తే పని ఖరాబైనట్టే గద?"

ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది. కోడిని దాటించాలి, ఖాళీగా రావాలి, నక్కను దాటించాలి, కోడిని వెనుకకు తేవాలి, గింజలను దాటించాలి, ఖాళీగా రావాలి, మళ్లీ కోడిని దాటించాలి. మొత్తం ఏడు ప్రయాణాలు. అంతకన్నా తక్కువలో కుదరదు. పెద్ద పిల్లలు ఉంటే మరొక అడుగు ముందుకు వేయవచ్చు. మనిషి, నక్క, కోడి, గింజలు ఏ ఒడ్డున ఉన్నాయన్నది లెక్కవేస్తే మొత్తం పదహారు అమరికలు వస్తాయి, వాటిలో ఏదో ఒకటి తినబడే ఆరింటిని కొట్టేస్తే పది మిగులుతాయి, ఆ పదింటిని గీతలతో కలిపితే దారి కంటికి కనిపిస్తుంది. ఆ తరువాత ప్రతి ఏడూ మా తొమ్మిదో తరగతి పిల్లల చేత ఈ బొమ్మ గీయిస్తున్నాను. ఏడు రత్నాలు, ఏడు ప్రయాణాలు, మన పీటకు వరుసకు ఏడు గుంటలు అని అమ్మాయి నోటుబుక్కు అట్ట మీద పెద్ద ఏడు అంకె వేసి రంగులు నింపింది.

మిగిలిన మజిలీలను త్వరగా చెబుతాను. గిజా దగ్గర ఈజిప్టు గుర్తులను గమనించి ముందుకు సాగాలి. అక్కడ ఓపిక కావాలి, తెలివి అంతగా అవసరం లేదు. సఫారీలో కెమెరా పట్టుకుని జంతువుల ఫోటోలు తీయడం చిన్నపిల్లలకు సరదాగా ఉంటుంది. వజ్రాల గని, కొండలు ఎక్కడం కొంత చేతి నేర్పుకు సంబంధించినవి, గెంతులు సరిగ్గా పడక మా అమ్మాయి కన్నా నేనే ఎక్కువసార్లు కింద పడ్డాను. అయితే ఈ చోట్లు చాలావరకు నిజమైనవని పిల్లలకు తప్పక చెప్పాలి. మేము అట్లాసు తెరిచి ఒక్కొక్కదానిని వెతికి పెన్సిలుతో చుక్క పెట్టాము. నీలి నైలు జలపాతం ఇథియోపియాలో తానా సరస్సుకు దిగువన ఉంది. చంద్రపర్వతాలు అని పూర్వులు పిలిచినవి ఉగాండా, కాంగోల సరిహద్దులోని రువెంజోరీ కొండలని చెబుతారు. భూమధ్యరేఖకు దగ్గరలో ఉండి కూడా వాటి శిఖరాలపై మంచు ఉంటుంది. కాయా అడవులు కెన్యా తీరంలో మిజికెండా ప్రజలు పవిత్రంగా కాపాడుకుంటూ వచ్చిన వనాలు, 2008లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అడవిలో చెట్టు కొట్టకూడదన్న కట్టుబాటు గురించి చెప్పినప్పుడు అత్తమ్మ, తమ ఊరి ఎల్లమ్మ గుడి చుట్టూ ఉన్న వేపచెట్ల పుల్ల కూడా ఇంటికి తెచ్చేవారు కాదని గుర్తుచేసుకుంది.

లోటు లేదని అనను. ఆటంతా ఇంగ్లీషులోనే ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివే ఐదో తరగతి పిల్లవాడు ఒంటరిగా కూర్చుంటే పాత్రలు చెప్పే సూచనలు అర్థం కాక సగంలో వదిలేస్తాడు. ప్రశ్న కఠినమై కాదు, వాక్యం తెలియక. మా అమ్మాయికి నేను ప్రతి మాటనూ తెలుగులో చెప్పవలసి వచ్చింది. రెండోది, అంత పెద్ద ఖండాన్ని, అన్ని దేశాలను, అన్ని భాషలను ఒక ద్వీపం కింద చూపించడం. అట్లాసు దగ్గర లేకపోతే ఆఫ్రికా అంటే ఒక్కటే దేశమని పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది. మూడోది, ఒక వస్తువు ఎక్కడో వదిలేసి వస్తే ఎక్కడ వదిలేశామో ఆట చెప్పదు. మేము రెండు రోజులు దారి తెలియక తిరిగాము. ఇది కొందరికి లోపం కావచ్చు గానీ, ఎవరు ఏమన్నారో రాసిపెట్టుకునే అలవాటు మా అమ్మాయికి అక్కడే మొదలైంది కాబట్టి నేను దీనిని లోపంగా లెక్కించను. ఆ వేసవిలో కరెంటు కోతలు కూడా ఉండేవి. ఐదో రోజు సాయంత్రం కొండ మీద ఉండగా కరెంటు పోయింది, అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. మళ్లీ వచ్చాక చూస్తే సంచిలోని రత్నాలు సంచిలోనే ఉన్నాయి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ ద్వీపానికి మొదటి నుంచి చివరి వరకు జవాబులు రాసిపెట్టిన పుటలు, ఆడి చూపించే వీడియోలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. మా పక్కింటి అబ్బాయి అలాంటిది చూస్తూ గంటన్నరలో ద్వీపం పూర్తిచేశాడు, పతకం కూడా వచ్చింది. కోడిని ఎందుకు వెనుకకు తెచ్చావని అడిగితే, అందులో అలాగే రాసి ఉందన్నాడు. ఆ పిల్లవాడిని తప్పుపట్టడం లేదు, పక్కన కూర్చునేవారు లేనప్పుడు ఎవరైనా అదే చేస్తారు. కానీ జవాబు చూసి ఆడితే ఈ ఆటలో మిగిలేది మౌసు నొక్కడం మాత్రమే. రెండు రోజులు ఆగిపోయినా సరే, పిల్లలను ఆగనివ్వండి. పెద్దలకు కూడా తెలియని ప్రశ్న అయితే ఇంకా మంచిది, కలిసి తల గోక్కోవచ్చు.

పదకొండో రోజు మధ్యాహ్నం ఏడో రత్నం దొరికింది. మ్యూజియంకు వచ్చి ఒక్కొక్కదానిని స్తంభంలోకి పెడుతుంటే అమ్మాయి పైకి లెక్కపెట్టింది. పతకం వచ్చాక ఆమె అడిగింది: మన దగ్గర ఇట్లాంటి మ్యూజియం లేదా? ఉంది. నల్లగొండ ఊరికి ఆనుకునే ఉన్న పానగల్లులో, పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలో పురావస్తు మ్యూజియం ఉంది. ఆ ఆదివారం ముగ్గురం ఆటోలో పోయాము. పచ్చల సోమేశ్వరుడన్న పేరు వినగానే ఎనిమిదో రత్నం ఇక్కడే ఉందని అమ్మాయి ఉత్సాహపడింది. గుడి స్తంభాలపై చెక్కిన రామాయణ, భారత కథలను వేలితో గాలిలో గీస్తూ చూసింది. మ్యూజియం ముందు వరుసగా నిలబెట్టిన విగ్రహాల్లో ముక్కు పోయినవి, చేతులు పోయినవి ఉన్నాయి. ఒక్కొక్కదాని ముందు ఆగి, దీని చేయి ఎక్కడ ఉందని అడిగింది. మా ఊరి నంది గురించి నేను ఆమెకు మొదటిసారి చెప్పింది అక్కడే, ఆ రాళ్ల మధ్య నిలబడి.

తిరుగుదారిలో ఛాయా సోమేశ్వరాలయానికి కూడా పోయాము. అక్కడ గర్భగుడిలో శివలింగం వెనుక గోడపై ఒక స్తంభపు నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలదన్నది తెర మీద చూసిన ఏ ప్రశ్నకన్నా పెద్దది. అమ్మాయి మండపంలోని స్తంభాల చుట్టూ తిరిగి, ఒక్కొక్కదాని ముందు తాను నిలబడి, నీడ మారిందా అని నాయనమ్మను అడుగుతూ పోయింది. ఎండ నేరుగా గర్భగుడిలో పడదు, స్తంభాల మధ్య సందుల్లోంచి చెదిరిన వెలుతురే లోపలికి వస్తుంది అని ఆమె చేత చెప్పించడానికి నాకు మరో రెండు రాకపోకలు పట్టాయి. అప్పుడు కూడా నేను జవాబు ముందుగా చెప్పలేదు.

ఈనాడు ఈ ఆటను వెతికేవారికి ఒక విషయం తెలియాలి. మేము ఆడిన నాటి పాప్‌ట్రోపికా ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేది. అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయర్‌ను ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి అది పనిచేయకుండా చేసింది. దానితో పాటు పిల్లల ఆటలు వేల సంఖ్యలో మూగబోయాయి. పాప్‌ట్రోపికాలోని పాత ద్వీపాలను కొత్త పద్ధతిలో మళ్లీ తయారుచేసుకోవలసి వచ్చింది, అన్నీ ఒక్కసారిగా తిరిగి రాలేదు. ఫ్లాష్‌పాయింట్ అనే పేరుతో కొందరు స్వచ్ఛందంగా ఇలాంటి పాత ఆటలను సేకరించి భద్రపరుస్తున్నారు. ఆ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు శ్రీశైలం నీళ్లు రాకముందు రాళ్లకు అంకెలు వేసి విప్పి తెచ్చి, మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి దగ్గర తిరిగి కట్టిన గుడి గుర్తుకు వచ్చింది. మా అత్తమ్మ ఆ గుడికి పోయినప్పుడల్లా, చిన్ననాడు తాను చూసిన గుడులలో ఒకటి దొరికిందని గోడను చేత్తో తడిమి వచ్చేది.

కాబట్టి మీరు వెతికే నాటికి ద్వీపాల జాబితాలో నబూటీ కనిపిస్తే మొదట దానినే తెరవండి. ఎనిమిదేళ్లు నిండినవారికి, పక్కన ఇంగ్లీషు చదివి చెప్పేవారు ఉంటే, ఇది సరిగ్గా సరిపోతుంది. పన్నెండు దాటినవారు ఒంటరిగానే ఆడగలరు. రోజుకు గంట చాలు, వేసవి సెలవుల్లో రెండు వారాలు పడుతుంది. కనిపించకపోతే సుద్దముక్కతో నేల మీద ఏరు గీసి, అగ్గిపెట్టె, ఉల్లిగడ్డ, చెంచాడు బియ్యం ఇచ్చి పిల్లలను కూర్చోబెట్టండి. ఓనగండ్ల పీట ఇంట్లో లేకపోతే గుడ్లు అమ్మే అట్ట పన్నెండు గుంటలకు కత్తిరించి, రెండు కొసలకు రెండు గిన్నెలు పెడితే నబూటీలో మేము ఆడిన ఆట సిద్ధమవుతుంది. చింతగింజలు మాత్రం కాస్త ఎక్కువే పోసుకోండి, మా ఇంట్లో అవి సోఫా కిందికి పోయి దీపావళి దాకా దొరుకుతూనే ఉన్నాయి.